కోర్టుకు వెళ్లలేని రోజుల్లో ఇ-కోర్ట్స్: ముగ్గురున్న లా ఆఫీసుకు ఎంతవరకు పనికొస్తుంది?

జిల్లా కోర్టుల చుట్టూ ఉండే లా ఆఫీసు అంటే చాలాచోట్ల ముగ్గురే. ఒక సీనియరు, ఒక జూనియరు, ఒక గుమాస్తా. 2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలైనప్పుడు గట్టి దెబ్బ తగిలింది ఇలాంటి ఆఫీసులకే. కేసులన్నీ బీరువాలో కట్టలుగా ఉన్నాయి, వాయిదాలు సీనియరు డైరీలో ఉన్నాయి, మిగతాదంతా గుమాస్తా జ్ఞాపకంలో ఉంది. ఆ రెండేళ్లూ వీళ్లకు దొరికిన పెద్ద ఆసరా సుప్రీంకోర్టు ఇ-కమిటీ ఆధ్వర్యంలో నడిచే ఇ-కోర్ట్స్ సేవలు. మొబైల్ యాప్, ఇ-ఫైలింగ్, ఆన్‌లైన్ కోర్టు ఫీజు, వీడియో విచారణ. వాడుకకు రుసుము లేదు. మహమ్మారిలాంటి పరిస్థితి మళ్లీ వస్తే క్లయింటు పని ఆగకుండా చూడటానికి ఇవి ఎంతవరకు సరిపోతాయన్నదే ఇక్కడి ప్రశ్న. వాయిదాల సమాచారం వరకు యాప్‌కు పూర్తి మార్కులు వేయవచ్చు. ఫైలింగ్ దగ్గర సగం పని అది చేస్తుంది, సగం మనం చేసిపెట్టాలి. సంతకం, సాక్షి, స్టాంపు దగ్గరికి వచ్చేసరికి భారం దాదాపు మొత్తం ఆఫీసు మీదే పడుతుంది.

ముందుగా యాప్. దీనికంతటికీ ఆధారం సీఎన్ఆర్ నంబరు, అంటే ప్రతి కేసుకూ ఇచ్చే ప్రత్యేక సంఖ్య. మొత్తం 16 స్థానాలు: మొదటి 4 అక్షరాలు రాష్ట్రం, జిల్లా, తర్వాతి 2 అంకెలు కోర్టు, ఆపై 6 అంకెలు వరుస సంఖ్య, చివరి 4 సంవత్సరం. ఓ.ఎస్. (సివిల్ దావా) నంబర్లు ప్రతి కోర్టులోనూ 1 నుంచే మొదలవుతాయి కాబట్టి క్లయింటు ఫోన్ చేసి "నా 45 నంబరు దావా ఏమైందండీ" అంటే ఏ కోర్టు, ఏ సంవత్సరం అని ఆరా తీయాలి. సీఎన్ఆర్‌తో ఆ ఇబ్బంది లేదు. అందుకే లాక్‌డౌన్‌లో ఆఫీసు చేయాల్సిన మొదటి పని కట్టలన్నీ విప్పి ఒక పట్టిక తయారు చేయడం. క్లయింటు పేరు, ఫోను, ఇంట్లో ఫోను వాడగలిగిన ఇంకొకరి నంబరు, కోర్టు, కేసు నంబరు, సీఎన్ఆర్, కేసు దశ, తదుపరి తేదీ, కాలపరిమితి (కోర్టుకు వెళ్లడానికి చట్టం ఇచ్చే గడువు) ఏదైనా నడుస్తుంటే దాని ఆఖరి రోజు. రెండు వందల కేసులున్న ఆఫీసుకు ఇద్దరు కూర్చుంటే ఇది మూడు నాలుగు రోజుల పని. ఇది చేయకుండా యాప్ పెట్టుకుంటే ఒక్కో కేసూ ప్రతిసారీ కొత్తగా వెతుక్కోవాలి.

సీఎన్ఆర్ తెలియని కేసును కక్షిదారు పేరుతో వెతకవచ్చు. తెలుగు పేర్లతో చిక్కు ఇక్కడే మొదలవుతుంది. వెంకటేశ్వరరావు అన్న పేరును ఇంగ్లిషులో పది రకాలుగా రాస్తారు. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట పొడి అక్షరంగా, ఇంకోచోట అసలు ఉండదు. పూర్తి పేరు కొడితే చాలాసార్లు ఏమీ రాదు. పేరులో మారని ముక్క ఒకటి, కనీసం మూడు అక్షరాలు ఇచ్చి, సంవత్సరం పెట్టి వెతకాలి. రాకపోతే ఎదుటి పార్టీ పేరుతో ప్రయత్నించాలి. ఇంకా నంబరు పడని పిటిషనైతే కేసు నంబరుతో వెతికి లాభం లేదు, ఫైలింగ్ నంబరుతో చూడాలి. ఎస్.ఆర్. దశలో, అంటే నంబరు పడేముందు పరిశీలనలో, కాగితాలు లోపాలతో రిటర్న్ అయి కౌంటర్లో పడి ఉన్న సంగతి తెలియక నెలలు గడిచిపోయేది ఇలాంటి కేసుల్లోనే.

దొరికిన ప్రతి కేసునూ 'మై కేసెస్'లో దాచుకోవచ్చు. యాప్‌లో అన్నిటికన్నా పనికొచ్చే భాగం ఇదే. ఏ రోజు ఏ కోర్టులో ఎన్ని ఉన్నాయో వరసగా చూపిస్తుంది. ఒక్క విషయం మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. ఈ జాబితా ఫోన్‌లోనే ఉంటుంది. ఫోన్ పోయినా, యాప్ తీసేసి మళ్లీ పెట్టినా జాబితా పోతుంది. ఎక్స్‌పోర్ట్ చేసుకునే వీలుంది. వారానికోసారి, శనివారం సాయంత్రం అనుకుందాం, ఆ ఫైలును తీసి సీనియరు, జూనియరు, గుమాస్తా ముగ్గురి ఫోన్లలోనూ ఇంపోర్ట్ చేసి పెట్టుకోవాలి. మహమ్మారిలో దీని విలువ వేరు. ముగ్గురిలో ఒకరికి జబ్బు చేసి పదిహేను రోజులు మంచం పట్టినా మిగతా ఇద్దరి దగ్గర వాయిదాలు ఉంటాయి.

యాప్ చూపే తేదీ ఎంత తాజాగా ఉంటుందన్నది కోర్టు సిబ్బంది సీఐఎస్ అనే కేసు సమాచార సాఫ్ట్‌వేర్‌లో ఎప్పుడు ఎక్కించారన్నదాని మీదే ఆధారపడుతుంది. సిబ్బంది వంతులవారీగా వచ్చే రోజుల్లో ఆ పని ఒకటి రెండు రోజులు వెనకపడటం సహజం. పైగా అప్పట్లో కేసుల్ని గంపగుత్తగా వాయిదా వేసేవారు. అందుకని తేదీ ఒకసారి చూసి వదిలేయకుండా వాయిదా రోజు సాయంత్రం ఒకసారి, తర్వాతి తేదీకి ముందురోజు ఇంకోసారి చూడాలి. కాగితం డైరీని మానేయడం తెలివైన పని కాదు. రెండూ తేడా చూపిస్తే బెంచ్ క్లర్కును అడగాల్సిన కేసు అదే అని తెలిసిపోతుంది.

యాప్‌లో కనిపించే ఆర్డరు కాపీ చదువుకోవడానికే. అప్పీలుకు సర్టిఫైడ్ కాపీ (కోర్టు ధ్రువీకరించిన నకలు) కావాలి. దానికి కాపీ అప్లికేషన్ పెట్టిన రోజు నుంచి కాపీ సిద్ధమైన రోజు దాకా కాలాన్ని లిమిటేషన్ చట్టం 12వ సెక్షన్ కింద అప్పీలు గడువు లెక్కలోంచి తీసేస్తారు. ఆర్డరు ఆన్‌లైన్‌లో ఉందిగా అని అప్లికేషన్ పెట్టడం ఆలస్యం చేస్తే ఆ ఆలస్యం మాత్రం లెక్కలోకి వస్తుంది.

స్మార్ట్‌ఫోన్ లేని క్లయింట్లకు ఎస్సెమ్మెస్ సదుపాయం ఉంది. ఇ-కోర్ట్స్ అన్న మాటను ఇంగ్లిషు పెద్ద అక్షరాల్లో, మధ్యలో గీత లేకుండా (ECOURTS) కొట్టి, ఒక ఖాళీ వదిలి సీఎన్ఆర్ నంబరు రాసి 9766899899కు పంపితే కేసు స్థితి వస్తుంది. సీఎన్ఆర్‌ను ఒక చీటీ మీద రాసి క్లయింటు చేతికిస్తే వాయిదా తేదీ కోసం వచ్చే ఫోన్లు బాగా తగ్గుతాయి. ఇంత చిన్న సదుపాయాన్ని ఎంతోమంది న్యాయవాదులు క్లయింట్లకు చెప్పకపోవడం బాధ కలిగిస్తుంది.

ఇక ఇ-ఫైలింగ్. బార్ కౌన్సిల్ నమోదు నంబరు, మొబైల్, ఈమెయిల్ ఇచ్చి ఖాతా తెరవాలి. అవసరం పడిన రోజున కాకుండా ముందే తెరిచి పెట్టుకోవాలి. 3.0 వెర్షన్‌లో వకాలత్ (లాయరుకు కేసు అప్పగించే పత్రం), ఇ-సంతకం, ప్రమాణాన్ని వీడియోగా రికార్డు చేయడం, ఫీజు చెల్లింపు అన్నీ ఒకేచోట పెట్టారు. పార్టీల వివరాలు నింపి, కాగితాలు అప్‌లోడ్ చేసి, సంతకం పెట్టి, ఫీజు కట్టి సమర్పిస్తే కోర్టు సిబ్బంది పరిశీలిస్తారు. లోపాలుంటే రిటర్న్ అవుతుంది. కౌంటర్లో జరిగేదే ఇక్కడా జరుగుతుంది. కాకపోతే కౌంటర్లో గుమాస్తా అక్కడికక్కడే సర్దే చిన్న లోపం ఇక్కడ రోజులు తింటుంది. అందుకే కాగితాల తయారీ మీదే శ్రద్ధంతా పెట్టాలి.

స్కాన్ 300 డీపీఐలో ఉండాలి. అంతకు తగ్గితే పాత దస్తావేజుల్లో సబ్ రిజిస్ట్రారు ముద్రలు చదవడానికి రావు. మామూలు టైపు కాగితాలను నలుపు-తెలుపులో, ముద్రలూ వేలిముద్రలూ ఉన్న పేజీలను గ్రేలో స్కాన్ చేస్తే ఫైలు సైజు అదుపులో ఉంటుంది. అన్నిటినీ రంగుల్లో స్కాన్ చేయడమే అప్‌లోడ్ మధ్యలో ఆగిపోవడానికి పెద్ద కారణం. స్టాంపు పేపర్ల వెనకవైపు ఎండార్స్‌మెంట్లు (రాతలు, ముద్రలు) ఉంటాయి, వాటిని మర్చిపోతే రిటర్న్ ఖాయం. పేజీ నంబర్లు అన్ని కాగితాలనూ ఒక పీడీఎఫ్‌గా కలిపిన తర్వాతే వేయాలి. విడివిడిగా వేసి కలిపితే సూచికకూ పేజీలకూ పొంతన ఉండదు. ఫోన్ స్కానర్ వాడేవాళ్లు కాగితాన్ని కిటికీ పక్కన, నీడ పడకుండా, ముదురు రంగు బల్ల మీద పెట్టాలి. అప్పట్లో చాలా ఆఫీసులు నమ్ముకున్న క్యామ్‌స్కానర్‌ను 2020 జూన్ 29న ప్రభుత్వం నిషేధించిన 59 యాప్‌లలో చేర్చింది. కోర్టు కాగితాలను అందులోనే దాచుకున్నవాళ్లు హడావుడిగా వేరే చోటికి మార్చుకోవాల్సి వచ్చింది. స్కాన్ చేసిన ఫైలు యాప్‌లో కాక ఆఫీసు హార్డ్ డిస్కులో, ఇంకో కాపీ వేరే చోట ఉండాలని అప్పుడు అందరికీ తెలిసొచ్చింది.

తెలుగులో టైపు చేసే కాగితాలకు ఇంకో ప్రత్యేకమైన సమస్య ఉంది. కోర్టు ఎదుటి డీటీపీ షాపుల్లో ఎక్కువగా అను ఫాంట్లు వాడతారు. అవి యూనికోడ్ కావు. వర్డ్ ఫైలును వాట్సాప్‌లో పంపితే, ఆ ఫాంట్ లేని కంప్యూటర్లో అర్థంకాని ఇంగ్లిషు అక్షరాలు కనిపిస్తాయి. జూనియరు ఇంటి నుంచి డ్రాఫ్టు దిద్దుదామంటే వీలు కాదు. పీడీఎఫ్‌గా మార్చినా అందులో మాట వెతకడం కుదరదు. చీఫ్ అఫిడవిట్లు (సాక్షి చెప్పేది రాసిన ప్రమాణపత్రాలు), తెలుగు నోటీసులు యూనికోడ్‌లో టైపు చేయడం మొదలుపెట్టడమే దీనికి పరిష్కారం. షాపువాడు అనులోనే చేస్తానంటే కనీసం పీడీఎఫ్, మూలం ఫైలు రెండూ తీసుకోవాలి.

ఇ-సంతకం దగ్గర మాత్రం ఈ వ్యవస్థ పల్లె క్లయింటును మరిచిపోయింది. ఆధార్ ఇ-సంతకానికి ఓటీపీ రావాలి, ఓటీపీ రావాలంటే ఆధార్‌కు జతచేసిన సిమ్ చేతిలో ఉండాలి. ఎప్పుడో అన్న కొడుకు నంబరు ఇచ్చిన ముసలమ్మకు, సిమ్ మార్చిన కౌలు రైతుకు ఆ ఓటీపీ రాదు. ఆధార్ కేంద్రాలు మూసి ఉన్న రోజుల్లో నంబరు మార్చుకోవడమూ కష్టమే. అందుకే క్లయింటు మొదటిసారి వచ్చినప్పుడే ఆధార్‌కు ఏ నంబరు ఉందో అడిగి పట్టికలో రాసుకోవాలి. తప్పు నంబరుంటే మామూలు రోజుల్లోనే మార్పించాలి. ఓటీపీ రాని క్లయింటుకు మిగిలిన దారి కాగితం ప్రింటు తీసి, సంతకం పెట్టించి, స్కాన్ చేసి అప్‌లోడ్ చేయడం. వకాలత్ నమూనా పంపేటప్పుడు సంతకం ఎక్కడో పెన్సిలుతో గుర్తుపెట్టి ఫోటో తీసి పంపితే ఒక్కసారిలో అయిపోతుంది. అసలు కాగితాన్ని స్పీడ్ పోస్టులో తెప్పించి ఫైల్లో పెట్టుకోవాలి, కోర్టు అడిగినప్పుడు చూపించాలి.

ఫీజు చెల్లింపు గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. రసీదు పీడీఎఫ్‌ను ఆ కేసు ఫోల్డర్‌లో వెంటనే దాచుకోవాలి. ఖాతాలో డబ్బు పోయి రసీదు రాకపోతే కంగారుపడి రెండోసారి కట్టవద్దు. లావాదేవీ నంబరుతో స్థితి చూసుకుని, మర్నాటిదాకా ఆగాలి.

వీడియో విచారణలో సాంకేతికంగా పెద్ద కష్టం లేదు. సుప్రీంకోర్టు మొదట విడియో (Vidyo) అనే యాప్‌ను, తర్వాత వెబెక్స్‌ను వాడింది. ఒక్కో కోర్టుది ఒక్కో యాప్ కావడంతో ఫోన్‌లో రెండు మూడు ఉంచుకోవాల్సి వచ్చింది. 2020 మే 13 నాటి సర్క్యులర్‌తో కోటు, గౌను అక్కర్లేకుండా తెల్ల దుస్తులు, తెల్ల బ్యాండు చాలన్నారు. ఆఫీసు చూసుకోవాల్సినవి వేరే ఉన్నాయి. లింకులో చేరేటప్పుడు పేరు స్థానంలో ఐటెం నంబరు (ఆ రోజు జాబితాలో కేసు వరస సంఖ్య), పేరు పెట్టాలి. ఫోను మోడలు పేరుతో చేరితే లోపలికి రానివ్వకపోవచ్చు. వాదించే ఫోనుకు కాల్స్ రాకుండా చూసుకోవాలి, జూనియరు ఇంకో ఫోనులో ఏ కేసు నడుస్తోందో చూపే బోర్డు చూస్తూ ఉండాలి. క్లయింటుకు రికార్డు చేయవద్దని ముందే స్పష్టంగా చెప్పాలి, కోర్టు అనుమతి లేకుండా అది కుదరదు. సాక్షి క్రాస్ ఎగ్జామినేషన్‌కు ఈ పద్ధతి బాగా బలహీనం. సాక్షి గదిలో ఇంకెవరున్నారో తెలియదు, ఎగ్జిబిట్ (సాక్ష్యంగా పెట్టిన కాగితం) చూపించడం కష్టం. వాదనలకు, బెయిల్ పిటిషన్లకు వాడుకుని, అసలు వివాదమున్న సాక్ష్యానికి కోర్టు తెరిచేదాకా ఆగడమే క్లయింటుకు మేలు.

ఈ సేవలేవీ చేయని పని ఒకటుంది: కాలపరిమితి లెక్క. క్లయింటుకు కోలుకోలేని నష్టం జరిగేది ఇక్కడే. సుప్రీంకోర్టు 2020 మార్చి 23న సుమోటోగా (తనంతట తానే) కాలపరిమితిని మార్చి 15 నుంచి పొడిగించింది. మధ్యలో ఆపి, రెండో అల రాగానే 2021 ఏప్రిల్ 27న తిరిగి తెచ్చింది. చివరకు 2022 జనవరి 10 ఉత్తర్వుతో 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 దాకా కాలాన్ని లెక్కలోంచి తీసేసింది. ఆ మధ్యలో గడువు ముగిసేవాటికి 2022 మార్చి 1 నుంచి 90 రోజులు, మిగిలిన కాలం అంతకన్నా ఎక్కువ ఉంటే ఆ ఎక్కువే. చెక్ బౌన్స్ నోటీసు, ఫిర్యాదు గడువులకూ ఇది వర్తించింది. దీన్ని చూసి "కోర్టులన్నీ ఆగాయి, తొందరేం లేదు" అనుకున్నవాళ్లు దెబ్బతిన్నారు. పొడిగింపు కాలపరిమితికే గానీ, ఆలస్యాన్ని మన్నించేందుకు చట్టం ఇచ్చే అదనపు కాలానికి కాదని 2020 సెప్టెంబరులో సగుఫా అహ్మద్ కేసులో తేల్చారు. చార్జిషీటు వేయడానికి పోలీసులకు ఈ పొడిగింపు వర్తించదని అదే ఏడాది జూన్‌లో ఎస్. కాశి కేసులో చెప్పారు. అంటే 60 లేదా 90 రోజులు నిండగానే డిఫాల్ట్ బెయిల్ (చార్జిషీటు గడువులోపు పడనందుకు వచ్చే బెయిల్) హక్కు వచ్చేస్తుంది. జైల్లో ఉన్న క్లయింటు విషయంలో రోజులు లెక్కపెట్టని ఆఫీసు ఆ హక్కును పోగొడుతుంది. కాబట్టి పట్టికలో రెండు గడులు పెట్టుకోవాలి: పొడిగింపు లేదనుకుంటే ఆఖరి తేదీ, ఉందనుకుంటే ఆఖరి తేదీ. పని మాత్రం మొదటి తేదీకే పూర్తి చేయాలి. చెక్ కేసులో రిటర్న్ మెమో (చెక్కు తిరిగొచ్చిందని బ్యాంకు ఇచ్చే కాగితం) అందిన 30 రోజుల్లో నోటీసు, అందుకున్నాక చెల్లించడానికి 15 రోజులు, ఆ తర్వాత నెలలోపు ఫిర్యాదు. మహమ్మారి వచ్చినా ఈ వరస తప్పకపోవడమే క్షేమం.

నోటీసులను ఈమెయిల్‌తోపాటు వాట్సాప్ వంటి వాటిలోనూ పంపవచ్చని 2020 జులై 10న సుప్రీంకోర్టు అనుమతించింది. ఈమెయిల్ పంపకుండా వాట్సాప్ ఒక్కటే చాలనుకోకూడదు. పంపిన వెంటనే స్క్రీన్‌షాట్ తీసి వదిలేస్తే సాక్ష్యం అయిపోదు. అదే నెల 14న అర్జున్ పండిత్‌రావ్ ఖోత్కర్ కేసులో ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి పాత సాక్ష్య చట్టం 65బి సెక్షన్ కింద ఇచ్చే సర్టిఫికెట్ తప్పనిసరని స్పష్టం చేశారు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలో అది 63వ సెక్షన్ అయింది. ఇప్పుడు సర్టిఫికెట్‌లో రెండు భాగాలు, రెండోది నిపుణుడు ఇచ్చేది, హ్యాష్ విలువ (ఫైలు మారలేదని చూపే కోడ్) రాయాలి. కాబట్టి చాట్‌లు చెరపవద్దని, ఫోను మార్చినా పాతదాన్ని దాచి ఉంచాలని, సందేశాలను ఫార్వర్డ్ చేయకుండా మొత్తం చాట్‌ను ఎక్స్‌పోర్ట్ చేయమని క్లయింటుకు మొదటి రోజే చెప్పాలి.

విదేశాల్లో ఉన్న తెలుగువారి కాగితాలకు అప్పుడు పెద్ద చిక్కొచ్చింది. ఊళ్లో పొలం చూసుకునే తమ్ముడికి అమెరికా నుంచి పవర్ ఆఫ్ అటార్నీ పంపాలంటే నోటరీ ముందు గానీ భారత కాన్సులేట్ అధికారి ముందు గానీ సంతకం చేయాలి. కాన్సులేట్ దారి ఇరుకైనప్పుడు నోటరీ, దానిపై అపోస్టిల్ (ఆ దేశ ప్రభుత్వ ధ్రువీకరణ) చేయించుకోవడం పనికొచ్చింది. ఇక్కడికి చేరిన కాగితానికి మూడు నెలల్లోపు స్టాంపు సుంకం కట్టాలి. ఆ మూడు నెలలు లెక్కించేది కాగితం భారతదేశంలో అందిన రోజు నుంచి. కవరు మీది పోస్టల్ ముద్ర, కొరియర్ డెలివరీ రసీదు పారేస్తే ఆ తేదీ రుజువు చేయడం కష్టం. తమ్ముడి చేతికి అందగానే కవరుతో సహా ఫోటో పంపమనాలి.

వీలునామాల కోసం అప్పుడు చాలామంది తొందరపడ్డారు. ఇ-సంతకం వీలునామాకు చెల్లదు. ఇద్దరు సాక్షులు కావాలి. ఇద్దరూ వీలునామా రాసినవారి ఎదుటే సంతకం పెట్టాలి. వీడియో తీయడం అదనపు భద్రతే గానీ, వీడియో కాల్‌లో చూసిన మనిషిని సాక్షిగా పెట్టుకుంటే ఆ వీలునామాను తర్వాత ప్రశ్నించడం ఎదుటివారికి తేలిక.

చివరగా వేలిముద్ర వేసే క్లయింటు. ఇ-ఫైలింగ్ వ్యవస్థలో ఎక్కువ ఇబ్బంది పడేది వీళ్లే. ఎంత తొందరున్నా ఖాళీ కాగితాల మీద ముద్ర వేయించి తెప్పించుకోకూడదు. అఫిడవిట్‌లోని విషయాన్ని ఫోన్‌లో తెలుగులో పూర్తిగా చదివి వినిపించాలి, మధ్యలో ఆపి అర్థమైందో లేదో అడగాలి. ప్రింటు తీసిన కాగితంతో ఊళ్లో చదువుకున్నవాళ్లు ఒకరు ఆ క్లయింటు పక్కన కూర్చోవాలి. చదివి వినిపించి, వివరించినట్టు రాసి, గుర్తించినవారిగా సంతకం, పూర్తి పేరు, చిరునామా పెట్టాలి. ఏ చేతి బొటనవేలో రాయాలి. ముద్ర మసకబారితే అదే కాగితం మీద మళ్లీ వేయించకుండా కొత్త ప్రింటు తీయించాలి. ఆ ఊరి నుంచి స్పీడ్ పోస్టు వేసిన రసీదు ఫోటోను ఆ రోజే తెప్పించుకోవాలి, కవరు ఎక్కడుందో దాని మీది 13 అక్షరాంకెల నంబరుతో రోజూ చూసుకోవచ్చు.